కొమ్మ కొట్టే చేతికి కాపలా ఎవరు?

కరెంటు తీగలకు తగులుతున్నాయనో, ఆకులన్నీ డాబా మీద రాలుతున్నాయనో, గాలివానకు విరిగి కారు మీద పడతాయనో.. వానలు మొదలయ్యేలోగా చాలా ఇళ్ల ముందు చెట్ల కొమ్మలు కొట్టిస్తుంటారు. ఓ మనిషి వస్తాడు. బేరం కుదురుతుంది. లుంగీ ఎగ్గట్టి, నడుముకు తాడు చుట్టుకుని, గొడ్డలో రంపమో పట్టుకుని పైకెక్కుతాడు. గంటా రెండు గంటల్లో పని ముగించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ కాసేపట్లో అతడి ఒంటికి ఏమేం జరగొచ్చు? ఏళ్ల తరబడి అదే పని చేస్తే ఏమవుతుంది? అతడు క్షేమంగా కిందికి దిగాలంటే పని చేయించుకునే మనం ఏం చేయాలి?

చెట్టుకు సెలైన్‌.. మరి మనిషికి?

మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి గుర్తుందా? చెదలు పట్టి కొమ్మలు కూలిపోతుంటే 2018లో ఆ మహావృక్షానికి సెలైన్‌ సీసాలు కట్టి, చుక్కచుక్కగా మందు ఎక్కించారు. చెట్టుకూ వైద్యం ఉంటుందని చాలామందికి అప్పుడే తెలిసింది. కొన్ని దేశాల్లో ఇది పేరున్న వృత్తి. చెట్టెక్కి రోగం పట్టిన కొమ్మను, ప్రమాదకరంగా వాలిన కొమ్మను లెక్క ప్రకారం తీసేవారిని అక్కడ ‘ట్రీ సర్జన్‌’ అంటారు. శిక్షణ, ధ్రువపత్రం ఉంటాయి. హెల్మెట్‌, ఒంటి నిండా బెల్టు, చెవులకు మఫ్లు, రంపం తగిలినా తెగని ప్యాంటు వేసుకుంటారు.

మన దగ్గర అదే పని చేసే మనిషికి సరైన పేరు కూడా లేదు. ‘కొమ్మలు కొట్టేవాడు’ అంటాం, అంతే. అతడికి అన్నదమ్ముల్లాంటి వాళ్లు మరో రకం ఉన్నారు. సుబాబుల్‌, జామాయిల్‌, సరుగుడు తోటల్లో మాన్లు నరికి, బెరడు ఒలిచి, ముక్కలు కోసి, కాగితం మిల్లులకు వెళ్లే లారీల్లోకి ఎత్తే కూలీలు. మనం రాసుకునే నోటు పుస్తకంలో వాళ్ల చెమట కూడా ఉంది.

ఈ పని ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2023లో అమెరికాలో కలప నరికే పనివారిలో ప్రతి లక్షమందికీ దాదాపు 99 మంది పనిలోనే చనిపోయారని అక్కడి కార్మిక గణాంకాల సంస్థ తేల్చింది. అన్ని వృత్తుల సగటు 3.5 మాత్రమే. యంత్రాలు, శిక్షణ, చట్టాలు అన్నీ ఉన్నచోటే ఇలా ఉంటే, చెప్పులు విడిచి చెట్టెక్కే చోట ముప్పు ఎంతో ఊహించుకోవచ్చు. తాటిచెట్లెక్కే గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ’ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. వారికి సొసైటీలున్నాయి, లెక్క ఉంది. వీధివీధీ తిరిగి కొమ్మలు కొట్టే మనిషి ఏ లెక్కలోనూ ఉండడు. ఆ పూటకు అతడి భద్రత చూడాల్సింది పనికి పిలిచిన ఇల్లే.

ఒక రోజు పని.. ఒంటికి పరీక్ష

ఎండ ముదరకముందే పని మొదలవుతుంది. చాలామంది ఓ చాయ్‌ తాగి ఖాళీ కడుపుతోనే ఎక్కేస్తారు. ఎక్కేటప్పుడు బరువంతా అరికాళ్లు, తొడలు, భుజాల మీదే. పైకి చేరాక ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, రెండో చేత్తో కొట్టాలి. మెడ ఎత్తి, నడుం వంచి, కాళ్లు ఎడంగా పెట్టి గంటల తరబడి నిలబడాలి. కింద ఉండే మనిషి తాడు లాగుతూ, దారిన పోయేవారిని ఆపుతూ, పడిన కొమ్మలను ముక్కలు చేసి బండికెత్తుతుంటాడు. ఒకచోట ముగిశాక మరో చెట్టు. చెట్టుకింత అని గుత్తకు మాట్లాడుకుంటారు కాబట్టి, ఎంత త్వరగా ముగిస్తే అన్ని చెట్లు. ఈ తొందరే చాలా ప్రమాదాలకు మూలం.

తోటల్లో కూలీల తీరు వేరు. కుటుంబాలే తరలివచ్చి పొలాల పక్కన గుడారాలు వేసుకుంటాయి. ఒకరు నరుకుతుంటే ఒకరు కత్తితో బెరడు ఒలుస్తారు, మరొకరు దుంగను భుజానికెత్తుకుంటారు. నీళ్లు, నీడ, మరుగుదొడ్డి అన్నీ దూరమే. నరికిన మోళ్లు శూలాల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. వాటి మధ్య హవాయి చెప్పులతో నడక.

క్షణంలో ముంచుకొచ్చేవి

పడిపోవటం: ఆరు మీటర్ల ఎత్తు.. అంటే రెండో అంతస్తు కిటికీ అంత. అక్కడి నుంచి జారితే నేలను తాకటానికి పట్టేది సెకను కంటే కాస్త ఎక్కువ. అప్పటికి వేగం గంటకు దాదాపు 40 కిలోమీటర్లు. కాళ్ల మీద పడినవారికి మడమ ఎముకలు పగలటం, ఆ దెబ్బ పైకి పాకి నడుం దగ్గర వెన్నుపూస నలిగిపోవటం ఎక్కువ. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు చచ్చుబడటమే కాదు, మల మూత్రాలపై పట్టు కూడా పోతుంది. ఇల్లు గడిపే మనిషి మంచాన పడితే ఆ కుటుంబం గతేంటి?

నడుముకు ఒక్క తాడు కట్టుకుంటే చాలనుకోవటం పొరపాటు. జారినప్పుడు ఆ కుదుపంతా పొట్ట, వెన్ను మీదే పడుతుంది. లోపలి అవయవాలు దెబ్బతింటాయి, ఊపిరి ఆడదు. తొడలు, భుజాలు, ఛాతీ అన్నింటి మీదుగా పట్టి ఉంచే ‘ఫుల్‌ బాడీ హార్నెస్‌’ బరువును పంచుతుంది. అయితే దానికి వేలాడుతూ కదలకుండా ఎక్కువసేపు ఉండిపోయినా ప్రమాదమే. రక్తం కాళ్లలోకి చేరి స్పృహ తప్పొచ్చు. నిమిషాల్లో కిందికి దింపాలి. అందుకే చెట్టు మీద ఎప్పుడూ ఒంటరిగా పని చేయకూడదు.

కొమ్మ విరగటం: ‘మునగచెట్టు ఎక్కించటం’ అనే మాట ఊరికే పుట్టలేదు. మునగ కొమ్మ చూడటానికి గట్టిగానే ఉంటుంది, కాలు పెడితే పుటుక్కుమంటుంది. రోడ్ల పక్క నీడనిచ్చే తురాయి, నిద్రగన్నేరు కొమ్మలనూ నమ్మలేం. చెదలు తిన్న చెట్టు పైకి పచ్చగా కనిపిస్తూనే లోపల డొల్లగా ఉంటుంది. ఇక బరువు సంగతి. అడుగు మందం, పదడుగుల పొడవున్న పచ్చి కొమ్మ సుమారు 200 కిలోలు తూగుతుంది. తాడు కట్టకుండా ఒక్కసారిగా కోస్తే అది ఎటు తిరుగుతుందో, ఎవరిని కొడుతుందో చెప్పలేం. కింద తల మీద హెల్మెట్‌ లేకుండా నిలబడిన సహాయకుడికీ పైనున్నవాడితో సమానంగా ముప్పు ఉంటుంది.

రంపం ఎగదన్నటం: పెట్రోలుతో నడిచే రంపం మిషన్‌ గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. దాని కొన పైభాగం మరో కొమ్మకు తగిలిందంటే మిషన్‌ మొత్తం ఒక్కసారిగా మొహం మీదికి ఎగదన్నుతుంది. ఇదంతా సెకనులో పదో వంతులో జరిగిపోతుంది. ఎంత నేర్పరి అయినా చేయి అడ్డం పెట్టుకునే వ్యవధి ఉండదు. మెడ, మొహం, భుజం, ఎడమ తొడ.. గాయాలయ్యేది ఎక్కువగా అక్కడే. ఒంటిచేత్తో మిషన్‌ పట్టుకోవటం, దాన్ని భుజం ఎత్తుకు పైన వాడటం అందుకే కూడదు.

కరెంటు: ఇది అన్నింటికన్నా మోసకారి. పచ్చి కొమ్మ నిండా నీరే, అందుకే కరెంటు దాని గుండా సులువుగా పారుతుంది. వీధుల్లో కనిపించే 11 కేవీ తీగల్లో చాలావాటికి తొడుగు ఉండదు. తాకనక్కర్లేదు, బాగా దగ్గరికెళ్లినా గాల్లోంచే లాగేసుకుంటుంది. కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. కరెంటు పోయింది కదా, ఇప్పుడు కొట్టేద్దాం అనుకోవటమూ ముప్పే. ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియదు, పొరుగింటి జనరేటర్‌ నుంచి తీగలోకి వెనక్కి పారనూ వచ్చు.

తేనెటీగలు, కందిరీగలు: రంపం మోతకు, పొగకు తుట్టె కదిలిందంటే పైనున్న మనిషి పారిపోవటానికీ దారుండదు. కొందరికి ఒక్క కాటుకే పెదాలు వాచి, ఊపిరి అందక, బీపీ పడిపోతుంది. అందుకే ఎక్కేముందే చెట్టంతా ఓసారి కలియజూడాలి. తొర్రల్లో పాములుంటాయన్న సంగతీ మరవొద్దు.

నెమ్మదిగా తినేసేవి

ప్రమాదాలైతే పేపర్లో వస్తాయి. ఇవి రావు. కానీ పదేళ్లు ఈ పని చేసినవారిలో వీటిలో ఒకటో రెండో ఉండనే ఉంటాయి.

వేళ్ల తిమ్మిరి: రంపం మిషన్‌ అదురు చేతి నరాలను, సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. చలి దేశాల్లో దీన్ని ‘తెల్ల వేలు’ జబ్బు అంటారు. చలికి వేళ్లు పాలిపోతాయి. మనలాంటి వేడి ప్రాంతాల్లో రంగు మారటం తక్కువ, తిమ్మిరి, మొద్దుబారటం ఎక్కువ. అందుకే ఇక్కడ దీన్ని గుర్తుపట్టరు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవటం, చిల్లర నాణేలు వేళ్ల మధ్య నిలవకపోవటం, రాత్రుళ్లు చేయి మొద్దుబారి మెలకువ రావటం తొలి సంకేతాలు. ఈ దశలోనే మిషన్‌ పని తగ్గిస్తే మరింత ముదరకుండా చూసుకోవచ్చు. నిర్లక్ష్యం చేస్తే శాశ్వతంగా మిగిలిపోతుంది. పొగతాగే అలవాటుంటే రక్తనాళాలు మరింత ముడుచుకుంటాయి. మిషన్‌ను గట్టిగా బిగించి పట్టుకోకపోవటం, పళ్లు పదునుగా ఉంచుకోవటం, మధ్యమధ్యలో గొడ్డలి పనికి మారటం కొంత మేలు చేస్తాయి.

వినికిడి తగ్గటం: రోజుకు 8 గంటలపాటు 85 డెసిబెల్స్‌ మోత వరకూ చెవి తట్టుకోగలదని నిపుణుల లెక్క. ఆపై 3 డెసిబెల్స్‌ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 100 డెసిబెల్స్‌ దగ్గర 15 నిమిషాలే. రంపం మిషన్‌ మోత సాధారణంగా 100 దాటే ఉంటుంది. సాయంత్రం చెవుల్లో గుయ్‌మని మోగటం, ఇంట్లో టీవీ సౌండ్‌ పెంచమనటం మొదటి గుర్తులు. ఇలా పోయిన వినికిడి తిరిగిరాదు. మందుల షాపుల్లో దొరికే ఇయర్‌ ప్లగ్గులు కూడా చాలావరకు కాపాడతాయి.

కళ్లు: ఆకు గీసుకున్నా, పొట్టు పడినా చాలామంది కళ్లు నలిపేస్తారు. మన ప్రాంతంలో నల్లగుడ్డు మీద ఫంగస్‌ పుండ్లకు చెట్టూచేమా గీసుకోవటం ఓ ముఖ్య కారణం. ఎర్రబడిందని షాపులో దొరికిన స్టిరాయిడ్‌ చుక్కలు వేసుకుంటే పుండు మరింత లోతుకు పోయి చూపే పోవచ్చు. శుభ్రమైన నీటితో కడిగి కంటి డాక్టరుకు చూపించాలి. తక్కువ ధరకే దొరికే కళ్లద్దాలు పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

చర్మం, ఊపిరి: మామిడి సొన, జీడి రసం తగిలితే చర్మం కాలినట్టు పొక్కుతుంది. గొంగళి పురుగుల నూగుకు దద్దుర్లొస్తాయి. పొట్టు పీలిస్తే ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది. నిండు చేతుల చొక్కా, మాస్కు, పని ముగియగానే స్నానం.. ఈ మూడూ తప్పనిసరి.

నడుం, భుజాలు: దుంగలు మోసే కూలీలకు భుజం కీలు అరగటం, నడుం డిస్కులు జారటం మామూలే. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, నడుం వంచకుండా మోకాళ్లు వంచి లేపాలి. పెద్ద దుంగను ఇద్దరు ఎత్తుకోవాలి. నొప్పిని మరచిపోవటానికి సాయంత్రం మందు, పొద్దున నొప్పి మాత్ర.. ఈ అలవాటు కడుపులో పుండ్లకు, కిడ్నీ జబ్బులకు దారితీస్తుంది.

ఎండదెబ్బ: ప్రతి 15-20 నిమిషాలకు ఓ గ్లాసు నీళ్లు తాగాలి. దాహం వేసేదాకా ఆగకూడదు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారిందంటే ఒంట్లో నీరు తగ్గిందనే అర్థం. మరుగుదొడ్డి లేదని తోటల్లో పనిచేసే ఆడవాళ్లు నీళ్లు తాగటం మానేస్తారు. దీంతో ఎండదెబ్బతో పాటు మూత్రంలో ఇన్‌ఫెక్షన్లూ వస్తాయి.

వీళ్లు చెట్టెక్కకూడదు

• మూర్ఛ ఉన్నవారు, తరచూ కళ్లు తిరిగేవారు.
• ఇన్సులిన్‌ తీసుకుంటూ ఏమీ తినకుండా వచ్చినవారు. షుగర్‌ పడిపోతే పైన పట్టు తప్పుతుంది.
• ఆ రోజు జలుబు మాత్ర, నిద్ర మాత్ర వేసుకున్నవారు. మత్తు గంటల తరబడి ఉంటుంది.
• బీపీ మందు కొత్తగా మొదలుపెట్టినవారు. లేచి నిలబడగానే తూలొచ్చు.
• మద్యం తాగినవారు. రాత్రి బాగా తాగి పొద్దున్నే వచ్చినా సరే.

పనికి పిలిచినవారు చేయాల్సినవి

• తీగలకు దగ్గరగా ఉన్న కొమ్మలను సొంతంగా కొట్టించొద్దు. 1912కు ఫోన్‌ చేసి విద్యుత్‌ సిబ్బంది వచ్చి లైన్‌ ఆపాకే పని మొదలుపెట్టించాలి. ‘బాబాయ్‌, రేపు రా.. లైన్‌ ఆపించాక ఎక్కుదువుగాని’ అనే ఒక్క మాట ప్రాణం నిలుపుతుంది.
• చెట్టుకింత అని గీచి గీచి బేరమాడొద్దు. రోజు కూలి మాట్లాడుకుంటే తొందర తగ్గుతుంది. ఇద్దరు మనుషులతో రమ్మనండి.
• వాన పడుతున్నప్పుడు, గాలి వీస్తున్నప్పుడు, చీకటిపడ్డాక ఎక్కనివ్వొద్దు. తడిసిన బెరడు పాకుడు రాయిలా జారుతుంది.
• అపార్టుమెంటు సంఘమైతే రెండు హెల్మెట్లు (ఐఎస్‌ఐ గుర్తున్నవి), ఒక ఫుల్‌ బాడీ హార్నెస్‌, మంచి తాడు, కళ్లద్దాలు, ఇయర్‌ ప్లగ్గులు కొని ఉంచుకోవచ్చు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. వాడేముందు కుట్లు, కొక్కేలు పరిశీలించాలి.
• కింద తాడు కట్టి పిల్లలను, బండ్లను దూరంగా ఉంచాలి.
• ఎక్కేముందు ఇంత టిఫిన్‌, మధ్యలో మజ్జిగ ఇవ్వండి. ఇది మర్యాదే కాదు, భద్రత కూడా.
• ‘ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నావు?’ అని అడగండి. పదేళ్లకోసారి బూస్టర్‌ అవసరం. మట్టి, తుప్పు తగిలిన లోతైన గాయమైతే చివరి డోసుకు అయిదేళ్లు దాటినా వేయించాలి.
• చెట్టును మోడు చేయించొద్దు. అలా నరికినచోట బలహీనమైన కొమ్మలు గుబురుగా పుట్టుకొచ్చి, మళ్లీ మళ్లీ మనిషిని పైకి ఎక్కించాల్సి వస్తుంది. మొదట కింది నుంచి చిన్న గాటు, తర్వాత పైనుంచి కోత, చివర్లో కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే భాగాన్ని వదిలి మిగతాది తీయాలి. చెట్టు గాయాన్ని తనే మూసుకుంటుంది.
• చెట్టునే తీసేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోండి. చాటుగా, హడావుడిగా కొట్టించే పనిలో జాగ్రత్తలకు చోటుండదు.

ప్రమాదం జరిగితే వెంటనే..

పడిపోతే: కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టొద్దు. విరిగిన వెన్నుపూస కదిలి వెన్నుపామును కోసేయొచ్చు. మెడ, నడుం కదలకుండా ఉన్నచోటే ఉంచి 108కు ఫోన్‌ చేయాలి. తప్పనిసరైతే నలుగురు కలిసి ఒకేసారి దొర్లించి చెక్క బల్ల మీదికి చేర్చాలి. నీళ్లు తాగించొద్దు.

కరెంటు తగిలితే: ముందు సరఫరా ఆగాలి. అప్పటిదాకా మనిషిని, కొమ్మను, తాడును తాకొద్దు. తెగిన తీగకు కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100-120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి. లేచి మామూలుగా మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాల్సిందే.

రక్తం కారుతుంటే: శుభ్రమైన బట్టతో గాయం మీద నేరుగా, ఆపకుండా నొక్కిపట్టాలి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. వేలు తెగిపడితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్‌ కవర్లో పెట్టి, ఆ కవర్‌ను మంచు ముక్కల మీద ఉంచి వెంట తీసుకెళ్లాలి. మంచు నేరుగా తగలకూడదు.

తేనెటీగలు కుడితే: ముందు అక్కణ్నుంచి దూరంగా తీసుకెళ్లి, ముల్లును త్వరగా గీకి తీసేయాలి. మొహం వాచటం, గొంతు బిగుసుకోవటం, ఆయాసం కనిపిస్తే నిమిషం కూడా ఆగొద్దు.

పాము కాటేస్తే: కోయటం, పీల్చటం, గట్టిగా కట్టు కట్టటం వద్దు. కాలో చెయ్యో కదపకుండా ఉంచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

ఎండదెబ్బ తగిలితే: మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. స్పృహ లేనివారికి ఏమీ తాగించకూడదు.

ఏడాదికి 20 రూపాయలు

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల లోపు వయసుండి, బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ఉంటే చాలు. ప్రమాదంలో మరణించినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా రూ.2 లక్షలు, పాక్షిక అంగవైకల్యానికి రూ.లక్ష వస్తాయి. జూన్‌ 1 నుంచి మే 31 వరకూ ఏడాది లెక్క. అంటే సరిగ్గా కొమ్మలు కొట్టించే రోజుల్లోనే పాత బీమా ముగిసి కొత్తది మొదలవుతుంది. ఖాతాలో ఆ 20 రూపాయలు లేక బీమా ఆగిపోయినవారూ ఉంటారు. ఈసారి మీ ఇంటికి వచ్చిన మనిషిని ఆ సంగతి అడగండి. లేదంటే మీ ఫోన్‌లోంచే అతడి ఖాతాకు ఆ 20 పంపి, బ్యాంకులో ఏ ఫారం నింపాలో చెప్పండి.